ఖాళీ బండి తూకం

రెంజల్,
9 జూన్ 2025

తమ్ముడు మన్సూర్‌కు,

బాపురావు రాయునది. నేను బాగున్నాను. నువ్వు, బిడ్డ హిబా బాగున్నారనుకుంటాను. మనం కలిసి నాలుగేండ్లు దాటింది. ఫోను చేద్దామనుకున్నాను. ఫోనులో నాకు మాట రాదు, నీకు తెలుసు.

ఒక సంగతి అడగాలి. మా ఊరి ఒకాయన ఉన్నాడు. బోధన్ బ్యాంకులో ఆయన పేరు మీద కొన్ని పైసలు ఫిక్స్‌డ్ వేసి ఉన్నవి. వడ్డీ చూస్తే పద్నాలుగు వేల నాలుగు వందలు తక్కువ వచ్చింది. కౌంటరులో పిల్లను అడిగితే "ఇన్‌కం టాక్స్ కట్టయింది తాతా, మీ పాన్ కార్డు పనిచేస్తలేదు" అన్నదట. ఆయన మళ్ళీ ఏం అడగలేదు. వెనక లైను పెద్దగా ఉన్నది.

ఆయన పేదవాడు. పేదవానికి కూడా ఇన్‌కం టాక్స్ పడుతుందా? ఇది జుర్మానానా? ఇంటి మీదికి మనుషులు వస్తారా? నువ్వు ఆ పనే చేస్తావని అడుగుతున్నాను. తీరిక ఉంటేనే రాయి.

ఇక్కడ వాన ఇంకా పడలేదు.

బాపురావు


నిజామాబాద్,
16 జూన్ 2025

బాపురావు అన్నకు సలాం.

నీ ఉత్తరం చేతిలో పెట్టి పోస్ట్‌మ్యాన్ నన్ను వింతగా చూశాడు. "చాచా, గీ జమానల ఉత్తరాలు రాసేటోళ్ళున్నరా?" అన్నాడు. "ఒక్కడున్నడు. ముప్ఫై ఏండ్లు చెరుకు కార్ఖానల కాంటా మీద కూసున్నడు. లచ్చ బండ్లు తూసిండు గని, లచ్చ మాటలు మాట్లాడలే" అన్నాను. నవ్వుకుంటూ పోయాడు.

నేను అట్లాగే ఉన్నాను. అప్పుడు టైమాఫీసులో మీ అందరి హాజరు రాసేవాణ్ణి. ఇప్పుడు బస్టాండు వెనక ఒక టాక్స్ వకీలు దగ్గర మూలకు బల్ల వేసుకుని ఫారాలు నింపుతున్నాను. కళ్ళు సరిగా కనబడవు. కంప్యూటర్ మీద హిబా కొడుతుంది.

ఇప్పుడు మీ ఊరి ఒకాయన సంగతి. అది జుర్మానా కాదు. ఎవరూ ఇంటికి రారు. నీకు కాంటా లెక్కలో చెప్తాను. చెరుకు బండి లోపలికి వస్తే ముందు నిండు బండిని తూచేవాడివి. చెరుకు దింపి పోయేటప్పుడు ఖాళీ బండిని తూచేవాడివి. రెండో తూకం లేకపోతే చెరుకెంతో ఎవరికి తెలుస్తుంది? బ్యాంకు చూసింది నిండు బండిని. ఈ మనిషి బీదవాడో షావుకారో దానికి తెలియదు. అందుకే ముందు జాగ్రత్తకు వడ్డీలో కొంత పట్టుకుని, ఆయన పేరు మీదనే సర్కారుకు కట్టేసింది. పాన్ బాగుంటే పదోవంతు పట్టుకునేది. ఆధార్‌తో కలపని పాన్ పడుకున్నట్టు లెక్క, అందుకని ఐదోవంతు.

ఖాళీ బండిని తూపించుకోవడం మన పని. దాన్నే రిటర్న్ వేయడం అంటారు. ఏడాది ఆదాయం అంతా చెప్పాలి. మూడు లక్షల లోపలే ఉంటే పన్ను సున్నా. పట్టుకున్నదంతా వెనక్కి వస్తుంది. ఒకవేళ పన్ను పడ్డా, పట్టుకున్నది అందులో చెల్లు. మిగిలిందే కట్టాలి. ఎక్కువ పట్టుకుని ఉంటే వాళ్ళే ఇవ్వాలి. అడగనివాడికి మాత్రం రూపాయి రాదు. ఈసారి గడువు సెప్టెంబరు నడిమి దాకా ఉంది.

పేదవాడు, వెనక లైను ఉంటే సిగ్గుపడి రెండో మాట అడగనివాడు. అట్లాంటి మనిషిని నేనొకణ్ణి ఎరుగుదును. ఆయనకు నా సలాం చెప్పు.

మన్సూర్


రెంజల్,
28 జూన్ 2025

తమ్ముడు మన్సూర్‌కు,

ఆ ఒకాయన నేనే. నీకు ముందే తెలిసింది.

పైసలు నావి కావు. మన మట్టి పైసలు. నువ్వు ఎరిగిందే. కార్ఖానా బందైన తర్వాత ఇరవై నాలుగు మందిమి మనిషికి ఇరవై ఐదు వేలు వేసుకున్నాం. ఎవరు చనిపోయినా మట్టి ఖర్చుకు పదిహేను వేలు ఇంట్ల ఇవ్వాలని, అందరం మట్టికి పోవాలని. ఏటా వడ్డీ కలిసి ఇప్పుడవి పది లక్షల దాకా ఉన్నవి. ఖాతా ఎవరి పేరు మీద అంటే అందరూ నన్ను చూపించారు. కాంటా కాడ కూర్చున్నవాడు అన్నారు. నేను వద్దనలేకపోయాను. వద్దంటే మాట్లాడాలి.

మొన్న మే నెలలో మిల్లుహౌజు రాజేశ్వర్ పోయాడు. పదిహేను వేలు తీసుకుపోయి ఆయన భార్య హన్మవ్వకు ఇచ్చాను. పదో దినం నాడు బాయిలర్ నరేందర్ నా సంచిలోని బ్యాంకు పుస్తకం తీసి చూశాడు. అందరి ముందర చదివాడు. "వడ్డీ డెబ్బై రెండు వేలు రావాలె. యాభై ఏడు వేల ఆరు వందలే ఉన్నది. మిగిలినయి యాడికి పోయినయి బాపు?" అన్నాడు.

టాక్స్ అంటే ఏం టాక్స్ అని అడుగుతారు. నాకే తెలియదు. తల వంచుకుని కూర్చున్నాను. నేను అట్లా కూర్చోవడం చూసి అందరూ ఇంకొకటి అనుకున్నారు.

దసరా మర్నాడు హన్మవ్వ ఇంటి ముందర అందరూ కూర్చుంటారు. అప్పటికి లెక్క చెప్పాలి. లేకపోతే పైసలు పంచుకుని ఎవరి దారి వాళ్ళది అన్నారు. పంచుకుంటే అవి నెల కూడా ఆగవు. మాలో నలుగురికి వెనక ఎవరూ లేరు. వాళ్ళ మట్టికి దిక్కుండదు.

ఇప్పుడు హోటలు కాడికి పోతలేను. నన్ను చూసి మాటలు ఆపుతున్నారు.

బాపురావు


నిజామాబాద్,
9 జూలై 2025

అన్నా,

నీ ఉత్తరం మూడు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. మట్టి పైసలు అన్న మాట చదివినప్పుడల్లా మడిచి లోపల పెట్టేశాను.

ఆ ఇరవై నాలుగు మందిలో నేనూ ఒకణ్ణి. కరోనా నాడు నీ మరదలు కనీజ్‌కు ఆక్సిజన్ కావాలంటే నా ఇరవై ఐదు వేలు ఎత్తుకున్నాను. నువ్వు ఒక్క మాట అడగకుండా బ్యాంకు నుంచి తెచ్చి ఇచ్చావు. మనిషి దక్కలేదు. ఆ తర్వాత నాకు బోధన్ రావడానికి మొహం లేకపోయింది. రాజేశ్వర్ పోయిన సంగతి నాకు ఆనాడే తెలిసింది. బస్సు ఎక్కాను కూడా. నడిదారిలో జానకంపేట దగ్గర దిగి వెనక్కి వచ్చేశాను. ఇది నీకు కాక ఎవరికీ చెప్పలేదు.

సరే. పని సంగతి.

ఆధార్, పాన్ కార్డుల జిరాక్సు, బ్యాంకు పుస్తకం, పింఛను కాగితం, సభ్యుల పేర్ల పుస్తకం జిరాక్సు పంపు. దసరా నాడు చూపించడానికి లెక్క మంచి దస్తూరిలో నేనే రాసిస్తాను. పాన్‌ను ఆధార్‌తో కలపడానికి వెయ్యి రూపాయలు ఫీజు. అది నేను కడతాను, నువ్వు ఏమీ అనొద్దు. నీ ఫోనుకు ఓటీపీ వస్తుంది. హిబా ఫోను చేసినప్పుడు ఎత్తు. ఆరు అంకెలు చెప్తే చాలు, ఖైరియత్, బాగోగులు అడగనక్కర లేదు.

ఒకటి గుర్తు పెట్టుకో. మీకందరికీ అవి మట్టి పైసలు. చట్టానికి మాత్రం అవి బాపురావు పైసలు. ఒక్కడి పేరు మీద పెట్టడమే మనం చేసిన తప్పు. నమ్మకాన్ని కంప్యూటరులో రాసే గడి లేదన్నా.

మన్సూర్


రెంజల్,
21 జూలై 2025

తమ్ముడు మన్సూర్‌కు,

కాగితాలు ఇందులో ఉన్నవి. పింఛను నెలకు రెండు వేల నూట నలభై. ఇంకేం రాదు.

బిడ్డ ఫోను చేసింది. అంకెలు రెండుసార్లు తప్పు చెప్పాను. "పర్వాలే పెద్దనాయినా, మల్ల పంపుత" అన్నది. మంచి పిల్ల.

పేర్ల పుస్తకంలో పోయినవాళ్ళ పేర్ల పక్కన చుక్క పెట్టి ఉన్నది. మిగిలింది నీకు తెలుస్తుంది. పుస్తకంలో ఏమన్నా కనబడితే కోపానికి రాకు.

నాట్లు పడుతున్నవి. నడుము నొప్పి.

బాపురావు


నిజామాబాద్,
24 ఆగస్టు 2025

అన్నా,

పాన్ లేచింది. నిన్న రిటర్న్ వేశాం. వడ్డీ డెబ్బై రెండు వేలు, పింఛను ఇరవై ఐదు వేల ఆరు వందల ఎనభై. రెండూ కలిపినా లక్ష లేదు. పన్ను సున్నా. ముందే పట్టుకున్నది పద్నాలుగు వేల నాలుగు వందలు. అదంతా వెనక్కి రావాలి. ఎప్పుడొస్తుందో చెప్పలేను. కొందరికి పదిహేను రోజులు, కొందరికి నాలుగు నెలలు.

ఇకముందు భయం లేదు. అరవై దాటినవాళ్ళకు ఈ ఏప్రిల్ నుంచి వడ్డీ లక్ష దాటితేనే బ్యాంకు పట్టుకుంటుంది. వడ్డీ దాటేటట్టు ఉంటే ఏప్రిల్ నెలలోనే పదిహేను హెచ్ అనే ఫారం ఇవ్వాలి. నాకు పన్ను పడదు, పట్టుకోకండి అని రాసిచ్చే కాగితం అది. బ్యాంకులోనే దొరుకుతుంది.

ఇప్పుడు నేను అడిగేవి రెండున్నాయి.

ఎవరి పాన్ మీద ఎంత పట్టుకున్నారో కంప్యూటరులో చిట్టా ఉంటుంది. నీ చిట్టాలో అంతకు ముందు ఏడాది కూడా పదమూడు వేల ఆరు వందలు పట్టుకున్నట్టు ఉంది. కాని నీ పుస్తకంలో ఆ ఏడు వడ్డీ పూర్తిగా ఉంది. ఆ పదమూడు వేల ఆరు వందలు ఎక్కడి నుంచి వచ్చినవి? ఆ ఏడాది రిటర్న్ గడువు దాటిపోయింది. ఇప్పుడు మామూలుగా వేసి అడిగితే ఇవ్వరు.

రెండోది. పేర్లు ఇరవై నాలుగు ఉన్నాయి. నేను తప్పుకున్నాక ఇరవై మూడే ఉండాలి. పదిహేడో నంబరు దగ్గర నా పేరు ఎందుకుంది? చుక్క కూడా లేదు. నేను ఇంకా చావలేదని సంతోషమే. కాని నాకు జవాబు కావాలి.

మన్సూర్


రెంజల్,
5 సెప్టెంబరు 2025

తమ్ముడు మన్సూర్‌కు,

రెండు మాటల్లో రాస్తాను.

మొదటి ఏడు పట్టుకున్నప్పుడు ఎవరికీ చెప్పలేదు. నా చేతిలో ఏదో తప్పు జరిగింది, పట్టుకున్నారు అనుకున్నాను. కమ్మర్‌పల్లిలో పసుపు ఉడకబెట్టడానికి మనుషులు కావాలంటే పోయాను. నెల మీద పది రోజులు చేశాను. ఆ కూలి తెచ్చి కలిపాను. ఈ ఏడు కూడా పోదామనుకున్నాను. మేస్త్రి నన్ను చూసి "నువ్వద్దు తాతా, కడాయిల పడ్తవు" అన్నాడు. అందుకే ఈసారి తక్కువ పడింది.

నీ పేరు. నువ్వు ఎత్తుకున్న తర్వాత రెండు నెలలకు నా పీఎఫ్‌లో మిగిలినవి ఇరవై ఐదు వేలు వేశాను. పేరు కొట్టేయలేదు. ఇంట్ల కనీజ్ పోయింది. నీ పేరు కూడా కొట్టేస్తే ఎట్లా అనిపించింది.

కోపానికి రావద్దన్నాను.

బాపురావు


నిజామాబాద్,
18 సెప్టెంబరు 2025

అన్నా,

కోపానికి వచ్చాను.

డెబ్బై ఏండ్ల మనిషివి, పసుపు కడాయిల పొగలో నెల పది రోజులు నిలబడ్డావు. ఎందుకు? ఒక్క ఉత్తరం రాయడానికి సిగ్గుపడి. అది నీకు రావలసిన పైస. అప్పుడే అడిగి ఉంటే ఇంటికి వచ్చేది. నీ సిగ్గు ఖరీదు పదమూడు వేల ఆరు వందలు.

ఇంకొకటి. కాంటా మీద ఎన్నడూ వేలు పెట్టనివాడివి. చెరుకు రైతులు దావత్ ఇస్తామన్నా పెట్టలేదు, ఆఫీసరు కండ్లెర్ర చేసినా పెట్టలేదు. నా పేరు కాడ పెట్టావా? నరేందర్ ఆ పుస్తకం చూస్తే ఏమంటాడు? "ఎత్తుకపోయినోని పేరు ఉంచినవంటే, ఇంకెన్ని అబద్ధాలు రాసినవో" అనడా? నా పేరు కొట్టెయ్. లెక్క నేను రాసి పంపుతున్నాను. అందులో ఇరవై మూడు పేర్లే రాశాను.

రిఫండ్ ఇంకా రాలేదు. దసరాకు వస్తుందన్న ఆశ పెట్టుకోకు. పైసలు చూపించి నోళ్ళు మూయించలేవు. నోరు తెరిచి చెప్పాల్సిందే. నేను వచ్చి చెప్దామంటే, నన్ను చూస్తేనే వాళ్ళకు ఎత్తుకున్న ఇరవై ఐదు వేలు యాదికొస్తాయి. నువ్వే చెప్పాలి. నాలుగు మాటలు. అద్దం ముందర నిలబడి అనుకో.

హిబా నన్ను తిడుతోంది, పెద్దనాయనకు ఇంత గట్టిగా రాస్తావా అని. ఏం చేయను. రాత్రి పగలు ఆ పసుపు పొగే కండ్లకు కడుతోంది.

మన్సూర్


రెంజల్,
6 అక్టోబరు 2025

తమ్ముడు మన్సూర్‌కు,

జమ్మి ఆకు పెట్టాను. ఎప్పటి తీరు చేతిలో పెట్టడానికి నువ్వు లేవు. కవరులో తీసుకో.

కూర్చున్నారు. హన్మవ్వ ఇంటికి పదహారు మంది వచ్చారు. నువ్వు పంపిన కాగితం నరేందర్ చేతికి ఇచ్చాను. చదివి "ఇది మన్సూర్ దస్తూరి. ఆయన రాసింది వద్దు బాపూ, నువ్వు సెప్పు" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. చెప్పింది ఇంతే:

"బ్యాంకోడు నిండు బండి తూసిండు. ఐదోవంతు పట్టుకున్నడు. ఖాళీ బండి నేను తూపియ్యలే. నాకు తెల్వలే. తప్పు నాదే. మొన్న తూపిచ్చిన. మనకు పన్ను లేదు. పట్టుకున్నది ఎన్కకొస్తది. ఎప్పుడొస్తదో తెల్వదు."

ఫిట్టరు భాస్కర్ "గంతేనా? గీ ముచ్చట మొదలే సెప్తే ఏం పోయె?" అన్నాడు. అందరికీ అర్థమైంది. కాంటా కాడ నిలబడనివాడు మాలో ఎవడున్నాడు?

నరేందర్ మాత్రం పుస్తకం తిప్పుతున్నాడు. నేను నీ పేరు కొట్టేయలేదు. "గీ పదిహేడో నంబరేంది? మన్సూర్ ఎత్తుకపోయిండు గద?" అన్నాడు.

"ఎత్తుకపోయిండు. నేను పెట్టిన" అన్నాను.

"నువ్వెందుకు పెట్టినవ్?"

హన్మవ్వ గడపలో కూర్చుని వింటున్నది. "నరేందరూ, పైసలు తక్కువున్నయా ఎక్కువున్నయా, గది సెప్పు" అన్నది. నరేందర్ లెక్క చూసి "బ్యాంకోడు పట్టుకున్నయి పోను పేరుకు తగ్గట్టే ఉన్నయి" అన్నాడు. "మరి తక్కువైతె దొంగంటివి. సమంగుంటె ఎందుకు పెట్టినవంటివి. మా ఆయన మట్టినాడు అందరికంటె ముందుగాల వచ్చి ఎవ్వలు సూడకుంట నా కొంగుల పైసలు పెట్టి పోయిండు గీయన. పుస్తకం మూసి చాయ్ తాగుండ్రి" అన్నది.

పసుపు సంగతి నేను చెప్పలేదు. నువ్వు కూడా ఎవరికీ చెప్పకు.

పంచుకునే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. రిఫండ్ వచ్చినంక చూద్దాం అన్నారు. నాకు అలసటగా ఉన్నది. ఇంటికి వచ్చి చెప్పులు విడవకుండానే పడుకున్నాను.

నీ పేరు కాడ నేను వేలు పెట్టలేదు. పైసలు పెట్టాను. తూకం తప్పలేదు.

బాపురావు


నిజామాబాద్,
2 నవంబరు 2025

అన్నా,

జమ్మి ఆకు కనీజ్ ఫోటో వెనక పెట్టాను. ఆమె ఉన్న రోజుల్లో కూడా అక్కడే పెట్టేది, అప్పుడు ఆ చోట ఉన్నది మా అమ్మ ఫోటో.

రిఫండ్ పడింది. మొన్న ఇరవై ఎనిమిదో తారీఖున నీ ఖాతాకు పద్నాలుగు వేల నాలుగు వందలు, పైన కొంచెం వడ్డీ కూడా. పుస్తకం మీద కొట్టించి నరేందర్‌కు చూపించు.

పాత ఏడాది పైసల కోసం ఒక దారి ఉంది. గడువు దాటింది, తెలియక అడగలేదు, దయచేసి అనుమతించండి అని పెద్ద ఆఫీసరుకు అర్జీ పెట్టుకోవచ్చు. ఇస్తారని మాట ఇవ్వలేను. ఏడాది పట్టొచ్చు. ఐనా అర్జీ రాశాను. కారణం ఏం రాయాలో చాలాసేపు ఆలోచించాను. "అర్జీదారుకు చదువు తక్కువ, అడగడం రాదు" అని రాశాను. పెన్సిలు గుర్తు పెట్టిన దగ్గర సంతకం చేసి పంపు. అవి వస్తే మట్టి పైసల్లో కలపొద్దు. అవి నీ కూలి.

దీంతో పాటు ఐదు వందలు మనియార్డరు పంపుతున్నాను. నెల నెలా పంపుతాను. ఇరవై ఐదు వేలకు యాభై నెలలు. అప్పటి దాకా ఉంటానో లేదో నాకు తెలియదు. వద్దని తిప్పి పంపావంటే నేను ఇంకా నాలుగేండ్లు నీకు మొహం చూపించలేను. పన్ను ముందే పట్టుకున్నట్టు అనుకుని జమ రాసుకో.

కంటి ఆపరేషన్ డిసెంబరులో అన్నారు. ఈ ఉత్తరం హిబా చేత చదివించి సరిచూసుకున్నాను.

మన్సూర్


రెంజల్,
15 నవంబరు 2025

తమ్ముడు మన్సూర్‌కు,

ఐదు వందలు ముట్టినవి. పదిహేడో నంబరు ఎదురుగా జమ రాశాను. తిప్పి పంపలేదు.

అర్జీ మీద సంతకం చేశాను. కారణం చదివాను. నిజమే రాశావు. వస్తే మంచిది. రాకపోతే ఒక ఏడు పసుపు ఉడకబెట్టాననుకుంటాను.

రిఫండ్ పైసలు మట్టి ఖాతాలో కలిపాను. నరేందర్ వెంట వచ్చాడు. బ్యాంకు బయట చాయ్ పోయించాడు. "బాపూ, ఆ దినం జర గట్టిగ మాట్లాడిన" అన్నాడు. నేను చాయ్ బాగున్నదన్నాను.

ఇంకొక సంగతి. ఒక్కని పేరు మీద ఉంటే మళ్ళీ ఇదే గోస అని అందరూ అనుకున్నారు. నేను పోతే నా ఖాతాతో పాటు మట్టి పైసలు కూడా చిక్కుకుంటవి. ఖాతాకు రెండో పేరు పెట్టాలి, లెక్క తెలిసినవాడు కావాలి అన్నారు. ఎవరు అంటే నేను నీ పేరు చెప్పాను. నరేందరే అన్నాడు: "అక్కెరకు ఎత్తుకున్నోనికే ఆ పైసల ఇలువ తెలుస్తది. పెట్టుండ్రి."

ఫారం ఇందులో పెట్టలేదు. ఇంటికి పంపి సంతకం చేయించి తెస్తానంటే బ్యాంకు పిల్ల కుదరదన్నది. ఈసారి వెనక లైను ఉన్నా రెండోసారి అడిగాను. అయినా మనిషి ఎదురుగా ఉండి పెట్టాలట.

కంటి ఆపరేషన్ కాకముందే రా. పొద్దున ఎనిమిదింటి బస్సు ఎక్కు. జానకంపేటలో దిగకు. బోధన్ బస్టాండులో నేను ఉంటాను.

ఇది ఉత్తరంలో అయ్యే పని కాదు.

బాపురావు